యంత్రము – ఒక మాట వెనుక కథ

రుబ్బుటకు, ఉతుకుటకు, కుట్టుటకు, చల్లబరచుటకు నేడు ఇంటింట ఒక్కొక్క సాధనము కలదు. వానినన్నిటిని కలిపి చెప్పుటకు మనకున్న మాట ‘యంత్రము’. ఇది ఆంగ్లమునందలి ‘మెషీను’కు పాఠ్యపుస్తకములవారు కల్పించిన అనువాదమని తలచువారు లేకపోలేదు. న్యూకొమెన్ ఆవిరియంత్రము 1712లో వచ్చినది. ఈ మాట వేదకాలము నాటిది.

దీనికి మూలము ‘యమ్’ ధాతువు. అదుపుచేయుట, బిగబట్టుట దాని అర్థము. నియమము, సంయమము, నియంత – ఇవన్నియు ఆ ధాతువు సంతానమే. పగ్గములు పట్టి గుఱ్ఱములను అదుపున నుంచును గనుక సారథికి ‘యంత’ అని పేరు. శస్త్రము, నేత్రము అను మాటలలో వలె చివరనున్న ‘త్ర’ సాధనమును తెలుపును. కనుక యంత్రమనగా అదుపుచేయు సాధనము. ధాతుపాఠమున చురాదిగణమందు ‘యత్రి’ అని వేరొక ధాతువు కలదు. దానికి చెప్పిన అర్థము సంకోచము, అనగా ముడుచుట. ఏ దారిన పోయినను చేరుచోటు ఒక్కటే. వేగము గాని, చక్రము గాని ఈ అర్థములో లేవు.

ప్రయోగములు చూడుడు. ఋగ్వేదము పదవ మండలము 149వ సూక్తమున సవిత యంత్రములతో భూమిని స్థిరపరచెనని కలదు. అక్కడ యంత్రమనగా కదలనీయని కట్టు. సుశ్రుతుడు వైద్యునికి 101 యంత్రములు చెప్పినాడు. కోయునవి శస్త్రములు, ఒడలిలో దిగిన ముల్లును, బాణపు ములికిని పట్టి లాగు పట్టకారుల వంటివి యంత్రములు. వానిలో స్వస్తికయంత్రములే 24. సింహము, కాకి మున్నగు వాని నోటి పోలికను బట్టి వానికి పేర్లు. ఇన్నింటిని చెప్పి, అన్నిటిలో ప్రధానయంత్రము వైద్యుని చేయియే యని తేల్చినాడు.

పదునొకండవ శతాబ్దమున ధారానగరమేలిన భోజుడు ‘సమరాంగణసూత్రధార’మున 31వ అధ్యాయమును యంత్రములకే కేటాయించినాడు. తమ యిచ్చవచ్చినట్లు ప్రవర్తించు భూతములను, అనగా నేల, నీరు, నిప్పు, గాలి మున్నగు వానిని, నియమించి నడపునది యంత్రమని ఆయన నిర్వచనము. పదునెనిమిదవ శతాబ్దమున సవాయి జయసింహుడు ఢిల్లీలోను, జయపురములోను కట్టించిన వేధశాలల పేరు ‘జంతర్ మంతర్’లోని జంతరు ఈ యంత్రమే. గడపపై మేకులు కొట్టి బిగించు రాగిరేకు, దండకు కట్టు తాయెత్తులోని చక్రము కూడ యంత్రములే. దుష్టశక్తిని లోనికి రానీయక కట్టివేయునని గదా నమ్మకము!

తెలుగున దీనికి దీటైన మాట ‘మర’. పిండిమర, మరమగ్గము, మరమేకు, మరచెంబు – పల్లెవాసులు ఎవరినీ అడుగకయే చేసికొన్న చక్కని సమాసములివి. మరచెంబు మూత తిప్పి బిగించినచో నీరు తొణకదు. అక్కడను ఉన్నది అదుపే.

భోజుని నిర్వచనమునకు నేటి వంటింట ఉదాహరణము కావలెనన్న ప్రెషర్ కుక్కరును చూడుడు. అందులో తిరుగునది ఏదియు లేదు. బయటికి పోజూచు ఆవిరిని మూత, రబ్బరు చుట్ట, పైనున్న బరువు కలసి నిలిపి ఉంచును. ఆ ఒత్తిడికి నీరు 100 డిగ్రీలకు బదులు 120 డిగ్రీల దరిదాపుల మరుగును. పప్పు త్వరగా ఉడుకును. మితిమీరిన ఆవిరిని ఆ బరువే ఈలవేసి విడుచును. ఎంత పట్టవలెనో, ఎప్పుడు విడువవలెనో రెండును అందే కలవు.

ఇక నా బాధ. బుద్ధి లేక చేయు పనిని నేడు ‘యాంత్రికముగా చేయుట’ అనుచున్నాము. నిఘంటువులును ఆ అర్థమును ఒప్పుకొన్నవి, వాడుకను కాదనలేము. కాని అదుపు, నియమము అను గొప్ప అర్థమున పుట్టిన మాటకు అదుపు తెలియని మనస్సును అంటగట్టితిమి. సారథి చేతిలోని పగ్గము, వైద్యుని చేయి ఈ మాటకు తోబుట్టువులు. పిల్లలకు ‘సరళయంత్రములు’ బోధించునపుడు ఉపాధ్యాయులు ఈ నాలుగు ముక్కలు కూడ చెప్పిన బాగుండును.

మీ మీ సీమలలో ‘మర’తో కూడిన మాటలు ఇంకను ఏవి వాడుకలో నున్నవో తెలిపిన సంతోషింతును.