చేపల చెరువుకు ఏ సున్నం మేలు?

చేపల చెరువులో సున్నం వేయడం వలన రెండు ప్రయోజనాలు కలుగుతాయి. చేప ఎముకలకు, పొలుసులకు కావలసిన కాల్షియం నీటికి అందడం ఒకటి. ఆమ్లగుణం విరిగి, పి.హెచ్. అనే ఉదజని సూచిక ఉదయానికీ సాయంత్రానికీ మధ్య విపరీతంగా మారకుండా నిలవడం రెండవది. అయితే బజారులో సున్నమన్న ఒక్క పేరుతోనే మూడు వేర్వేరు సరుకులు దొరుకుతాయి. మరాఠీ దుకాణదారు అన్నింటినీ ‘చునా’ అనే అంటాడు. తేడా తెలియక చేపలున్న నీటిలో పొడి సున్నం గుమ్మరిస్తే, చెరువును కౌలుకు తీసుకున్న కుటుంబానికి ఏడాది ఆదాయం ఒక్క పూటలో పోవచ్చు.

మన చంద్రపూర్ జిల్లాలో ఈ విషయం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. రాజురా, కోర్పనా, జివతి తాలూకాల కింద సున్నపురాయి పొరలున్నాయి. గడ్‌చాందూర్, ఆవార్‌పూర్ సిమెంటు కర్మాగారాలు ఆ రాతి మీదనే వెలిశాయి. అటువంటి నేలలో చాలా బావుల నీరు కఠినంగా ఉంటుంది. పప్పు ఉడకదు, గిన్నెకు తెల్లని పొర కడుతుంది. అక్కడి చెరువుకు సున్నం అసలు అక్కరలేకపోవచ్చు. తూర్పున నాగ్‌భీడ్, సిందేవాహి, మూల్ వైపు వరి ప్రాంతంలోని చెరువుల స్థితి వేరు. గోండు రాజుల కాలం నుంచి కోహళీలు తవ్విన చెరువులు అక్కడ అనేకం ఉన్నాయి. 1951లో మాలగుజారీ రద్దయ్యాక వాటికి ‘మాజీ మాలగుజారీ తలావ్’ అనే పేరు మిగిలింది. వాన నీటితో నిండే ఇటువంటి చెరువులలో కాల్షియం తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. బావి నీటిని చూసి చెరువు నీటిని అంచనా కట్టరాదు. చెరువు మట్టిని, నీటిని వేరువేరుగా పరీక్ష చేయించుకోవాలి. సిందేవాహిలోని కృషి విజ్ఞాన కేంద్రంలో ఇందుకు సలహా అడగవచ్చు.

ఇక రకాల సంగతి. సున్నపురాయి పొడి మెల్లగా కరుగుతుంది. ఎంత వేసినా పి.హెచ్.ను 8.3 ప్రాంతాన్ని దాటనివ్వదు కనుక చేపలున్న చెరువుకు ఇదే క్షేమం. ఆ రాతిని బట్టీలో కాల్చితే పొడి సున్నం, దానికి నీరు పట్టిస్తే తడి సున్నం. ఇవి త్వరగా, ఘాటుగా పనిచేస్తాయి, పి.హెచ్.ను 11 దాటించగలవు. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయి చేసే పనిని 74 కిలోల తడి సున్నం, 56 కిలోల పొడి సున్నం చేస్తాయి. ధర అడిగేటప్పుడు బస్తా లెక్క కాక ఈ లెక్క చూడాలి. జిప్సం కాల్షియాన్ని ఇస్తుంది గాని ఆమ్లాన్ని విరవదు. బ్లీచింగు పౌడరు తెల్లగా ఉన్నంత మాత్రాన సున్నం కాదు. అందులోని క్లోరిన్ చేపను చంపుతుంది.

మహానగరాలలో అద్దాల తొట్లలో సముద్రపు పగడాలను పెంచేవారు కూడా ఇదే రసాయన శాస్త్రాన్ని ఆశ్రయిస్తారు. సున్నపు తేటను బొట్టు బొట్టుగా వదలడమో, బొగ్గుపులుసు వాయువుతో పగడపు ముక్కలను కరిగించడమో చేస్తారు. మోతాదు మెల్లగా పెరగాలన్న నియమం అక్కడా ఇక్కడా ఒకటే.

ఎకరం విస్తీర్ణం, ఒక మీటరు లోతు గల చెరువులో సుమారు 40 లక్షల లీటర్ల నీరుంటుంది. ఆ నీటి క్షారత్వాన్ని లీటరుకు 20 మిల్లీగ్రాములు పెంచాలంటే దాదాపు 80 కిలోల సున్నపురాయి పొడి కావాలి. అడుగు బురద కొంత తినివేస్తుంది కాబట్టి వాస్తవంలో ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ మొత్తాన్ని ఒక్కసారిగా కాక విడతలుగా, ఉదయం పూట చల్లాలి. మధ్యాహ్నానికి నాచు వలన పి.హెచ్. తనంతట తానే పెరిగి ఉంటుంది.

వేసవిలో ఎండిన చెరువు అడుగున మాత్రం పొడి సున్నం శ్రేష్ఠం. బురదలోని రోగకారక జీవులను, మిగిలిపోయిన పిచ్చి చేపలను అది నశింపజేస్తుంది. నేల తటస్థానికి దగ్గరగా ఉంటే హెక్టారుకు 200 నుంచి 500 కిలోలు చాలు. ఆమ్లం హెచ్చితే ఇంకా పెంచాలి. తరువాత నీరు నింపి, పి.హెచ్. 8.5 లోపుకు దిగినదని పరీక్షించాకనే బొచ్చె, రవ్వ పిల్లలను వదలాలి. సూపర్ ఫాస్ఫేటును సున్నంతో కలిపి వేస్తే భాస్వరం నీటికి దక్కదు. వారం పది రోజులైనా ఎడం ఉంచాలి. యూరియా, పచ్చి పేడ వేసిన వెంటనే ఘాటు సున్నం వేస్తే విషపూరితమైన అమ్మోనియా పెరుగుతుంది.

పొడి సున్నం చల్లేవారు గాలికి వీపు పెట్టి నిలబడాలి, పిల్లలను దగ్గరకు రానీయరాదు. కంట్లో పడితే నలపకుండా ధారాళంగా మంచినీటితో చాలాసేపు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.