రాగి బాయిలరూ, బంగారు చేపలూ

మా ఊళ్ళో ఇంటి పెరట్లో ఒక రాగి బాయిలరు ఉండేది. మధ్యలో పొగగొట్టం, అందులో కొబ్బరి డొక్కలూ, ఎండు పుల్లలూ వేసి అంటిస్తే అరగంటలో ఇంటిల్లిపాదికీ వేణ్ణీళ్ళు. దాన్ని చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి, కొన్నేళ్ళ క్రితం ఒహాయోలో మా పెరటి చేపల కొలను మీద మంచు కట్టడం మొదలవగానే నా బుర్రలో వెలిగిన ఐడియా కూడా అదే.

ఒక పాత ఇనప డ్రమ్ములో కట్టెల మంట, దాని చుట్టూ యాభై అడుగుల రాగి గొట్టం, కొలను నీళ్ళు ఆ గొట్టంలో తిరిగి వచ్చేట్టు ఒక చిన్న పంపు. రెండు శనాదివారాల పని. మొదటిసారి గొట్టంలోంచి వెచ్చటి నీళ్ళు వస్తే, ప్రొడక్షన్‌లో కోడు మొదటిసారే పనిచేసినంత సంబరపడిపోయా. మూడు వారాల్లో ఏడు చేపలూ పోయాయి. మా అమ్మాయి రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

చలికే చచ్చిపోయాయనుకున్నా. నీళ్ళు పరీక్ష చేసే స్ట్రిప్పు తెచ్చి ముంచితే అసలు సంగతి తెలిసింది... రాగి! ఆ తర్వాత, అసలు చేపల నీళ్ళు వేడిచేసిన మొదటి మహానుభావుడెవరా అని చరిత్ర పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టా.

ఈ కథ రోము దాకా పోతుంది. క్రీ.పూ. 91 కి కొంచెం ముందు, నేపుల్స్ దగ్గరి బాయే తీరంలో సెర్గియస్ ఒరాటా అనే వ్యాపారి ఉండేవాడు. ఆయన ఇంటిపేరే ఒక చేప పేరు. ఆయిస్టర్లని మడుగుల్లో పెంచడం మొదలెట్టింది ఈయనేనని ప్లినీ రాశాడు. అదీ తినాలన్న జిహ్వచాపల్యంతో కాదట, డబ్బు కోసమట. ఈయనే 'వేలాడే స్నానశాలలు' కూడా కనిపెట్టాడనీ, పాత బంగళాలు కొని, అవి బిగించి, ఎక్కువ ధరకి అమ్ముకునేవాడనీ కూడా ప్లినీయే చెప్పాడు. అంటే ఇళ్ళు ఫ్లిప్ చేయడం మనవాళ్ళు కనిపెట్టింది కాదన్నమాట.

ఆ వేలాడే స్నానశాల అంటే ఏమిటో ఇప్పటికీ తేలలేదు. కింద స్తంభాల మధ్య వేడిగాలి తిరిగే నేల అని చాలామంది అంటారు. కాదు, అవి చేపలకో ఆయిస్టర్లకో కట్టిన వెచ్చటి తొట్లు అని కొందరు చరిత్రకారుల వాదన. ఓ సరస్సు వాడకం మీద ఒరాటాకి కోర్టు తగువొచ్చినప్పుడు క్రాసస్ అనే వక్త, ఆయన్ని సరస్సులోంచి తరిమేసినా ఇంటిపెంకుల మీద ఆయిస్టర్లు పండించుకుంటాడని వెక్కిరించాడట. ఏమో, మనిషి మాత్రం ఇంజనీరే!

అక్కణ్ణుంచి ఒక్క గెంతులో ఆవిరియంత్రాల కాలపు ఇంగ్లండుకి రండి. మిల్లుల్లో ఆవిరిని చల్లార్చడానికి నీళ్ళు కావాలి. నీటి కరువున్న చోట్ల ఆ వేడినీళ్ళని చెరువులోకి వదిలి, చల్లారాక మళ్ళీ వాడుకునేవాళ్ళు. ఆ చెరువుల్లో నీళ్ళు దాదాపు 80 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 27. ఎవరికి తట్టిందో గానీ వాటిల్లో బంగారు చేపలు వేశారు. విలియం యారెల్ 1836 నాటి తన బ్రిటిష్ చేపల పుస్తకంలో ఒక చెరువు ముచ్చట చెప్పాడు. మూడు జంటలు వేస్తే మూడేళ్ళలో లెక్కలేనన్ని అయ్యాయి. అయితే వాటిని లెక్కపెట్టే అవకాశం వచ్చింది అవి చచ్చాకే. యంత్రానికి పూసిన కొవ్వులో కలిసిన రాగి చిలుము నీళ్ళలోకి దిగి చేపలన్నీ పోతే, తోపుడు బళ్ళకెత్తి బయట పారబోశారు.

ఇది చదివి కాసేపు అలా కూర్చుండిపోయా. నూట డెబ్భై ఏళ్ళకి పైగా అచ్చులో ఉన్న బగ్ రిపోర్టు. నేను చదవకుండా అదే బగ్ మళ్ళీ రాశా.

రాగి చెంబులో నీళ్ళు ఒంటికి మంచివని పెరిగినవాళ్ళం కదా, రాగిని అనుమానించడం మనకి చేతకాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన లీటరు తాగునీటిలో 2 మిల్లీగ్రాముల రాగి దాకా మనకి ఫరవాలేదు. మెత్తటి నీళ్ళలో చేపలకి అందులో పదోవంతు కూడా ప్రాణాంతకం కావచ్చు. మనం తాగితే కడుపులోకి పోతుంది. వాటికి అదే నీరు రాత్రింబవళ్ళు మొప్పల్లోంచి పారుతూ ఉంటుంది. మొప్పలు దెబ్బతింటే ఒంట్లో ఉప్పు నిలవదు. మా బాయిలర్లో నీళ్ళు ఒకసారి కాగి బక్కెట్లోకి వచ్చేవి. నా కొలను నీళ్ళు మూడు వారాలపాటు మళ్ళీ మళ్ళీ అదే రాగిలో తిరిగాయి. మంచు కరిగిన మెత్తటి నీళ్ళు మరి!

ఇంకో తమాషా ఏంటంటే, అసలు ఆ వేడే అక్కర్లేదు. మాది వెయ్యి గ్యాలన్ల కొలను. పది డిగ్రీల సెల్సియస్ పెంచాలంటే 44 యూనిట్ల కరెంటుకి సమానమైన వేడి కావాలి, అదీ ఒక్క చుక్క వేడి కూడా బయటికి పోకపోతే. నీరు అన్నిటికంటే బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. కాబట్టి తగినంత లోతుంటే పైన మంచు కట్టినా అడుగున ఆ వెచ్చదనం మిగులుతుంది. గోల్డ్‌ఫిష్ తిండి మానేసి అక్కడే సద్దుమణిగి ఉంటుంది. ప్రమాదమల్లా పైన మంచు మూతపడి గాలి ఆడకపోవడం. ఒక చిన్న కన్నం తెరిచి ఉంచితే చాలు.

2021 లో నార్వేలోని గ్రీన్ మౌంటెన్ అనే డేటా సెంటర్ సంస్థ, తన సర్వర్ల వేడిని ర్యూకాన్‌లో ట్రౌట్ చేపల పెంపకానికి ఇస్తామని ప్రకటించింది. మిల్లు చెరువు కథే మళ్ళీ! కాకపోతే ఈసారి మధ్యలో హీట్ ఎక్స్‌చేంజరు ఉంటుంది. వేడి దాటుతుంది, నీళ్ళు కలవవు. వేడి పుట్టించడం రెండు వేల ఏళ్ళుగా మనకి వచ్చిన విద్యే. దాంతోపాటు ఇంకేం నీళ్ళలోకి దిగుతోందో చూడటమే నేర్చుకోవాల్సి వచ్చింది.

ఆ రాగి గొట్టం మా గరాజులో గోడకి వేలాడుతోంది. కొలనులో ఇప్పుడు మళ్ళీ చేపలున్నాయి. చలికాలమంతా ఒక మూల చిన్న గాలి పంపు బుడబుడలాడుతూ ఉంటుంది, దాని చుట్టూ పళ్ళెమంత మేర మంచు కట్టదు. వాటికి మా అమ్మాయే పేర్లు పెట్టింది. నన్ను మాత్రం కొలను దగ్గర పానా పట్టుకోనివ్వదు.