మా అంబాసిడర్ చిలుం చరిత్ర

మొన్న సెలవలకి రుద్రంగి వెళ్ళినప్పుడు వారం రోజులు లాప్‌టాప్ ముట్టుకోలేదు. చేతికి గ్రైండర్ వచ్చింది మరి! మా బాపు కారు, 1976 అంబాసిడర్ మార్క్ 3, పెరట్లో షెడ్డు కింద పదేళ్ళుగా పడి ఉంది. తుక్కు కింద అమ్మేద్దామా, బాగు చేద్దామా అన్న పంచాయతీ ఇంట్లో ఎప్పట్నుంచో నడుస్తోంది. దుబాయిలో ఇరవై రెండేళ్ళు వెల్డింగ్ చేసి వచ్చిన మా కాక ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ముందు కింది రేకు చూడురా, అమ్ముడు సంగతి తర్వాత."

మ్యాట్ లేపి స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. అడ్డం లేకుండా దిగిపోయింది. కన్నంలోంచి షెడ్డు నేల కనపడింది.

తుప్పుని మా వైపు చిలుం అంటారు, జంగు అని కూడా అంటారు. నాకు మొదట అర్థం కానిది ఏంటంటే, సముద్రం వందల కిలోమీటర్ల దూరం, ఎండలు మండే ఊరు, ఇక్కడ ఇంత చిలుం ఎందుకు? బాపుని అడిగితే సమాధానం దొరికింది. ఆ కారులో ఆయన పెళ్ళివాళ్ళని మోశాడు, కాన్పులకి కరీంనగర్ తీసుకెళ్ళాడు, గల్ఫ్ పొయ్యేవాళ్ళని బొంబాయి బస్సు ఎక్కించడానికి కోరుట్లలో దింపాడు. పసుపు చేనుకి పొటాష్ బస్తాలు కూడా డిక్కీలోనే తెచ్చాడు. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, మనం తినే ఉప్పుకి తమ్ముడు. బస్తా కారి మూలల్లో చేరితే గాల్లో తేమని లాక్కుని రేకుని తింటూ కూర్చుంటుంది. ఇంగ్లండులో మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లి కార్లు పాడుచేసుకుంటారు. మేం ఉప్పుని డిక్కీలోనే పెట్టుకు తిరిగాం.

తప్పంతా బాపుదే అనుకుంటే అన్యాయం. అంబాసిడర్ అంటే ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఆ అచ్చులతోనే కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 మే దాకా తయారుచేశారు. దీనికి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. రేకులన్నీ కలిసి పెట్టెలా బరువు మోస్తాయి. డోర్ల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడుగ్గా డబ్బాలాంటి భాగం ఉంటుంది చూడండి, పుస్తకాల్లో సిల్ అంటారు. అది కారుకి వెన్నెముక. లోపల బోలు. దుమ్ము, నీళ్ళు చేరితే బయటికి పోయే దారి చిన్న చిన్న రంధ్రాలే. అవి మట్టితో పూడుకున్నాయా, ఇక లోపల్నుంచి తినెయ్యడమే. బయట రంగు మీద పొక్కు కనపడే సరికి లోపల కథ అయిపోయి ఉంటుంది.

బయటి దేశాల్లో 1970ల్లో కారు బాడీ మొత్తాన్ని ప్రైమర్ తొట్టిలో ముంచి కరెంటుతో రంగు పట్టించే పద్ధతి బాగా మెరుగైంది. 1980ల మధ్యకి ఆడి వాళ్ళు జింకు పూత రేకుతో బాడీ మొత్తం చేశారు. మన దగ్గర? కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసే రోజులు. కార్ల నాణ్యత మీద ఫిర్యాదులు ఎక్కువై 1967లో కేంద్రం ఒక విచారణ సంఘమే వేసింది. అయినా కొనేవాడు వేరే ఎక్కడికీ పోలేనప్పుడు అమ్మేవాడికి చిలుంతో ఏం పని? సపోర్టుకి ఫోన్ చేస్తే "వర్క్స్ యాజ్ డిజైన్డ్" అన్నట్టన్నమాట. ఆ పని మొత్తం రోడ్డు పక్క డెంటర్ మీద పడింది. అసలు మన దేశంలో డెంటింగ్-పెయింటింగ్ అనే వృత్తి అంత పెరగడానికి సగం కారణం ఈ లైసెన్సుల రాజ్యమే అని నా అనుమానం.

ఆ డెంటర్ల చరిత్ర మా ఎడమ సిల్ లోపలే కనపడింది. కాక గ్రైండర్ పెట్టగానే మొదట ఎగిరింది తెల్లటి పిండి. లాంబీ! బొటనవేలంత మందం. దాని వెనక గోనెసంచి ముక్కలు, ఉండలు చుట్టిన పేపరు. దాని వెనక, వంటనూనె డబ్బా రేకుతో వేసిన పాత అతుకు. ఇత్తడి పోసి అతికించారు. నూనె డబ్బా అతుకు వేసింది ఊళ్ళో కమ్మరి అట, 1980ల్లో. లాంబీ కుక్కింది టౌన్లో ఒక షాపు. కొత్త రేకు వేశామని బిల్లు కూడా ఇచ్చారు. నూనె డబ్బా ఇంకా గట్టిగానే ఉంది, షాపు పనితనం మాత్రం చేత్తో రాలిపోయింది.

లాంబీని తిట్టి లాభం లేదు. అది రాకముందు గుంటల్ని సీసం-తగరం మిశ్రమంతో పూడ్చేవాళ్ళు. ముందు రేకుకి తగరం పట్టించాలి, అచ్చం మన గిన్నెలకి కళాయి పోసినట్టే. చేయి తిరిగినవాడికే వచ్చేది, పైగా సీసం పొగ. 1950ల్లో పాలిస్టర్ ఫిల్లర్ వచ్చాక ఎవరైనా పుయ్యగలిగారు. సొట్టకి పలచగా పూస్తే బంగారం లాంటి సరుకు. కన్నం మీద పూస్తేనే మోసం.

ఏమాటకామాటే, కమ్మరి అతుకు పక్కన రేకు అలలు అలలుగా వంకర పోయి ఉంది. ఆయన ఇనుముని ఎర్రగా కాల్చి కొట్టడం నేర్చినవాడు. మా ప్రాంతానికి అదేం చిన్న విద్య కాదు. కోరుట్ల, మెట్‌పల్లి దాటి కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం ఉంది. అక్కడ మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవారు. డమాస్కస్ కత్తులు అంటారే, వాటికి వాడిన ఉక్కు ఇలాంటిదే. 1820ల్లో హెన్రీ వాయిసీ అక్కడి పని స్వయంగా చూసి రాసిపెట్టాడు. ఆ ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం అటూ ఇటూ. కారు రేకులో దానిలో పదో వంతు కూడా ఉండదు, ప్రెస్సులో వంపులు తిరగాలి కాబట్టి మెత్తగా చేస్తారు. మందం మిల్లీమీటరు అటూ ఇటూ. దాన్ని కాలిస్తే ఉబ్బుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, వంకర పోతుంది. కొలిమి విద్య ఇక్కడ అడ్డం తిరిగింది.

కాక పద్ధతి వేరు. ముందు బాడీ కింద నాలుగు చోట్ల మొద్దులు పెట్టి, డోర్ల సందులు కొలిచి చాక్‌పీసుతో రాశాడు. సిల్ కోశాక కారు మధ్యలో కుంగితే డోర్లు ఇక పడవు. చిలుం ఎక్కడిదాకా ఉందో కాదు, మెరిసే రేకు ఎక్కడ మొదలవుతుందో అక్కడిదాకా కోశాం. కోస్తుంటే కోస్తుంటే కన్నం జానెడు నుంచి మూరెడైంది, నా గుండె జారింది. అట్టముక్కతో నమూనా కత్తిరించి, అదే కొలతకి కొత్త సీఆర్ రేకు వంచాం. తర్వాత మిగ్ మిషన్‌తో ఇక్కడో చుక్క, అక్కడో చుక్క. రెండు చుక్కల మధ్య చెయ్యి పెట్టి చూసి, చల్లారాకే మూడోది. నేను తొందరపడి ఒకచోట వరసగా లాగేశాను, రేకు గవ్వలా ముడుచుకుంది. "గిది షిప్‌యార్డు ప్లేటు కాదు, అప్పడం రా" అన్నాడు. ఆ ముక్క మళ్ళీ కోసి మళ్ళీ వేశాం. చివర్న జింకు ప్రైమర్, డబ్బా లోపల మైనం, కింద రంధ్రాలు తెరిచిపెట్టడం.

ఇంతకీ ఈ తాపత్రయం ఎందుకంటే, 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి, అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మా కారుకి 2026తో 50 ఏళ్ళు. మరి చిలుం తిన్న సిల్ స్థానంలో అదే కొలత, అదే ఆకారం రేకు వేస్తే అది మార్పా, మరమ్మతా? నా లెక్కలో మరమ్మతే, అందుకే పాత ముక్కలు, కొలతలు, ఫోటోలు అన్నీ దాచాను. ఆఫీసులో కూర్చున్నవాళ్ళు ఎలా చదువుతారో వాళ్ళ ఇష్టం. నూనె డబ్బా అతుకు మాత్రం బాపు తీసుకుని గోడకి మేకు కొట్టి తగిలించాడు.

కుడివైపు సిల్ ఇంకా విప్పలేదు. దసరాకి వారం లీవ్ పెట్టాను, మేనేజర్ ఇంకా అప్రూవ్ చెయ్యలేదు.