సముద్రపుటొడ్డున చలివేంద్రము
(యొకొహామా నగర చరిత్ర)

ఎండలు ముదిరినంతనే దారిప్రక్కన పందిరి వేయించి చలివేంద్రము పెట్టించుట మన పల్లెలలో పూర్వులనుండి వచ్చుచున్న ధర్మము. దప్పిగొన్నవాడు ఏ యూరివాడని అడుగక నీరు పోయుటయే దాని మర్యాద. అట్టి చలివేంద్రమొకటి జపానుదేశమున, యొకొహామా నగరమున, సముద్రపుటొడ్డుననున్న యమషితా ఉద్యానవనములో కలదు. గుమ్మటముతో కూడిన చిన్న మండపమది. బాటసారులు నీరు త్రాగుటకై దానిని ఏర్పరచిరి. కట్టించినవారు ఆ దేశస్థులు కారు. అచ్చట కాపురమున్న మన భారతీయులు. కట్టించినది 1939వ సంవత్సరమున.

మనవారు అంత దూరమేల పోయిరి? పోయినవారు అచ్చట నీటిమండపమేల కట్టించిరి? ఇది తెలియవలెనన్న ఆ నగర చరిత్రను మొదటినుండి చెప్పుకొనవలెను.

యొకొహామా నేడు సుమారు 37 లక్షల జనముగల మహానగరము. జపానులో జనసంఖ్యనుబట్టి టోకియో తరువాత దీనినే చెప్పుదురు. కాని నూటడెబ్బది యేండ్లకు పూర్వము ఇది నూరిండ్లు మాత్రముండిన బెస్తపల్లె. ఆ కాలమున జపాను ప్రభువులు తమ దేశపు తలుపులు మూసికొనియుండిరి. పరదేశపు నావలలో డచ్చివారికిని చీనావారికిని నాగసాకి రేవున మాత్రము కొంత యనుమతి యుండెను. 1853లో అమెరికా నౌకాధిపతి పెరీ నాలుగు యుద్ధనౌకలతో వచ్చి తలుపు తట్టెను. మరుసటి యేట మరిన్ని యోడలతో మరల వచ్చెను. అప్పుడు సంధి కుదిరిన చోటు ఈ బెస్తపల్లెయే. 1854వ సంవత్సరము మార్చి 31వ తేదీన యొకొహామా తీరమున ఒక మహావృక్షమునకు సమీపమున సంధిపత్రముపై సంతకములు జరిగెను. ఆ చెట్టును మరువకుడు. దాని కథ ఇంకను కలదు.

పెరీ తెచ్చిన కానుకలలో ఒక వింత వస్తువుండెను. అది చిన్న పొగబండి. నిజమైన బండిలో నాలుగవవంతు పరిమాణము. తీరమున గుండ్రముగా పట్టాలు పరచి దానిని నడిపి చూపిరి. పెట్టె మిక్కిలి చిన్నదగుటచే లోపల కూర్చుండ వీలులేక, జపాను అధికారులు పైకప్పుపై నెక్కి అంగీలు గాలికెగురుచుండగా చుట్టు తిరిగివచ్చిరి. పిల్లల యాట వలెనున్న ఆ ముచ్చట పదునెనిమిదేండ్లలో ఆ తీరముననే నిజమైనది.

1859లో యొకొహామా పరదేశ వర్తకమునకు తెరువబడెను. పరదేశీయులను ప్రజలలో కలియనీయరాదని ప్రభువులు ఆ వర్తకుల పేట చుట్టును కాలువలు త్రవ్వించి, వంతెనలయొద్ద కావలివారినుంచిరి. ఆ కావలి లోపలి భాగమునకు ‘కన్నై’ అనిరి. కావలికి లోపల అని దాని యర్థము. కావలివారు పోయిరి. ప్రజలు కలిసిపోయిరి. కాని కన్నై అను రైలుస్టేషను నేటికిని ఆ పేరుననే యున్నది. ఊరి పేరులలోను, పేట పేరులలోను చరిత్ర దాగియుండుననుటకు ఇది చక్కని నిదర్శనము.

ఈ పల్లెను పట్టణముగా చేసినది పట్టు. ఆ రోజులలో ఫ్రాన్సు, ఇటలీ దేశములందు పట్టుపురుగులకు తెగులు తగిలి పరిశ్రమ దెబ్బతినెను. అందుచే అచ్చటి వర్తకులు జపాను పట్టునూలునకును, పట్టుపురుగుల గ్రుడ్లకును ఎగబడిరి. కొండసీమల రైతులు పెంచిన పట్టుపురుగుల గూళ్లనుండి తీసిన నూలు యొకొహామా రేవున ఓడలకెక్కెను. ఒక దేశపు పురుగు తెగులు మరియొక దేశపు రైతు యింట దీపము వెలిగించినది. ఈ చరిత్రనంతయు చూపుటకు 1959లో, రేవు తెరచి నూరేండ్లయిన సందర్భమున, పట్టు ప్రదర్శనశాలను స్థాపించిరి. పురుగును పెంచుట మొదలు వస్త్రము నేయుట వరకు అందు చూడవచ్చును. ధర్మవరమున, పోచంపల్లియందు మగ్గములయొద్ద పెరిగినవారికి అది చుట్టాల యిల్లువలె తోచును.

మన భారతీయులు అచ్చటికి పోయినదియు ఈ పట్టుకొరకే. సింధుదేశపు వర్తకులు పలువురు యొకొహామాలో కోఠీలు పెట్టి పట్టువస్త్రములను దేశదేశములకు పంపుచుండిరి.

ఇక రైలు సంగతి. జపానులో మొట్టమొదటి రైలుమార్గము టోకియోలోని షింబాషికిని యొకొహామాకును నడుమ వేయబడెను. దూరము 29 కిలోమీటర్లు. 1872వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన మెయిజీ చక్రవర్తి స్వయముగా ప్రయాణముచేసి దానిని ప్రారంభించెను. మన దేశమున బొంబాయి నుండి ఠాణాకు 1853లోను, చెన్నపట్టణపు రాయపురమునుండి 1856లోను బండ్లు నడచినవి గనుక, ఈ విషయమున మనమే ముందు. మన పెద్ద లైను పట్టాల నడుమ అయిదున్నర అడుగులుండగా జపానువారు మూడున్నర అడుగులతో సరిపెట్టుకొనిరి.

ఈ మార్గమునకు ముఖ్య యింజనీరు ఎడ్మండ్ మోరెల్ అను ఆంగ్లేయుడు. తాను వేయించిన దారిలో బండి నడచుట చూడకయే, 1871లో చిన్న వయసుననే మరణించెను. ఆయన సమాధి యొకొహామాలోని పరదేశీయుల శ్మశానమున ఉన్నది. దారిలో కొంతభాగము సముద్రమై యుండగా తకషిమా కయెమోన్ అను వర్తకుడు దానిని పూడ్పించి పట్టాలకు చోటు కల్పించెను. ఆయన పేర తకషిమాచో అను పేట నేటికిని కలదు.

నేడు యొకొహామా స్టేషనులో దిగినవాడు తాను 1872 నాటి స్టేషనులో దిగితినని తలచినచో పొరపాటు. ఆ పేరుగల స్టేషను మూడు చోటులు మారినది. మొదటిది నేడు సకురగిచో అను పేర నున్నది. దాని ప్రక్కనే 1871లో ఇంగ్లండున తయారై, తొలినాళ్లలో ఆ దారిని నడచిన యింజనొకటి 2020 నుండి ప్రదర్శనమునకు ఉంచబడినది. రెండవ స్టేషను 1915లో తకషిమాచోయొద్ద ఎఱ్ఱ యిటుకలతో కట్టిరి. అది ఎనిమిదేండ్లు మాత్రమే నిలిచెను. దాని పునాది యిటుకలు కొన్నింటిని ఒక నివాసభవనపు ఆవరణలో కాపాడియుంచిరి. ప్రస్తుతపు స్టేషను మూడవది; 1928లో తెరువబడెను. మిక్కిలి వేగముగా పరుగెత్తు షింకాన్‌సెన్ బండ్లకు 1964లో షిన్ యొకొహామా అను వేరొక స్టేషనును కట్టిరి. రెండవ స్టేషను ఎనిమిదేండ్లకే యేల పోయెనో ముందు చెప్పెదను.

అంతకుముందు ఒక తోటను చూచి రావలెను. హారా టొమితారో అను పట్టువర్తకుడు ఊరికి దక్షిణమున సంకెయెన్ అను విశాలమైన తోటను పెంచెను. పాడుపడుచున్న ప్రాచీన కట్టడములను దూరప్రాంతములనుండి విడదీసి తెప్పించి, అచ్చట మరల నిలిపించెను. కియోటో ప్రాంతమునుండి తెచ్చిన మూడంతస్తుల బౌద్ధగోపురము వానిలో నొకటి; అది 1457 నాటిది. ఈ తోటలో బయటి భాగమును 1906లోనే ఆయన సర్వజనులకు తెరచియిచ్చెను. 1916లో మన రవీంద్రనాథ ఠాకూరుగారు జపానుకు పోయినపుడు ఈ తోటలోనే హారాగారి యతిథిగా కొంతకాలము నివసించిరి. అక్కడ చూచిన చిత్రములకు ముగ్ధులై, ఆరై కంపో అను చిత్రకారుని కలకత్తాకు ఆహ్వానించిరి. ఆ చిత్రకారుడు మన దేశమునకు వచ్చి, అజంతా గుహలలోని చిత్రములకు ప్రతులు వ్రాసికొనెను. పట్టు తెచ్చిన పరిచయము ఈ రీతిగా విద్యల పరిచయముగా మారెను.

ఇట్లుండగా 1923వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీ వచ్చెను. మధ్యాహ్నము పండ్రెండు కొట్టుటకు రెండు నిమిషములుండెను. ఇంటింట భోజనమునకై పొయ్యిలు మండుచుండెను. భూమి కంపించినది. ఇండ్లు కూలినవి, కూలిన కొయ్యయిండ్లకు పొయ్యిలలోని నిప్పంటుకొన్నది. సాయంకాలమునకు ఊరు ఊరుగా లేదు. యొకొహామాలోనే పాతికవేలకు పైగా జనులు మరణించిరి. ఎఱ్ఱ యిటుకల రెండవ స్టేషను కాలిపోయెను. ఠాకూరుగారు బసచేసిన భవనము కూలిపోయెను. సంధి జరిగిన చోటి మహావృక్షము కాలి మొద్దయ్యెను. మనవారి కోఠీలు కూలెను. మనవారిలోను కొందరు ప్రాణములు కోల్పోయిరి.

హారాగారు తన నష్టమును ప్రక్కకు పెట్టి, నగరమును మరల నిర్మించు సంఘమునకు నాయకుడై పనిచేసెను. కూలిన గోడలు, విరిగిన యిటుకలు గుట్టలుగా పడియుండెను. వానినేమి చేయవలెను? సముద్రపుటొడ్డునకు మోయించి నీటిలో పోయించిరి. ఆ శిథిలములతో పూడిన నేలమీదనే 1930లో యమషితా ఉద్యానవనము వెలసెను. నేడు పిల్లలు ఆడుకొను పచ్చిక క్రింద ఆనాటి యిండ్ల గోడలున్నవి.

భారతీయ వర్తకులలో పలువురు ప్రాణములు దక్కించుకొని కోబే రేవునకు తరలిపోయిరి. పోయినవారిని పోనిమ్మని యొకొహామావారు ఊరకుండలేదు. ఉండుటకిండ్లు, వ్యాపారమునకు చోటులు కల్పించి మరల రప్పించుకొనిరి. ఇందు వర్తకలాభమును ఆశించుటయు కలదు, నిజమే. కాని యిల్లు కాలినవాడు, తన యిల్లు నిలువకముందే పొరుగువానికి నీడ చూపుట సామాన్యమైన సంగతియా? మనవారు దానిని మరువలేదు. చనిపోయిన తమవారి జ్ఞాపకముగను, ఆదుకొన్న నగరమునకు కృతజ్ఞతగను, ఆ శిథిలములపై వెలసిన తోటలోనే నీటిమండపమును కట్టించి యిచ్చిరి. మొదట మనమడిగిన ప్రశ్నకు సమాధానమిది. రాతిపై పొగడ్తలు చెక్కింపవచ్చును, విగ్రహము నిలుపవచ్చును. వారు త్రాగుటకు నీరిచ్చిరి. మన పల్లెలో పుట్టిన ఏ పెద్దమనిషికైనను దాని భావమును వేరుగ చెప్పనక్కరలేదు.

కష్టములు అంతటితో తీరలేదు. రెండవ ప్రపంచయుద్ధమున, 1945వ సంవత్సరము మే 29వ తేదీన, అయిదువందలకు పైగా అమెరికా విమానములు పట్టపగలు ఈ నగరముపై నిప్పు కురిపించెను. ఇరువదిరెండేండ్లలో ఊరు రెండవమారు బూడిదయయ్యెను. ఇచ్చట ఒక సత్యము చెప్పక తప్పదు. ఆ యుద్ధమున జపాను సైన్యములు పరదేశములలో చేసిన ఘోరములును చరిత్రలోనివే. కాని పాలకుల తప్పునకు పొయ్యికడనున్న ముసలివారును పసివారును ఆహుతియగుట ఏ దేశముననైనను దుఃఖకరమే.

యమషితా తోట ప్రక్కన నీటిలో హికవా మారు అను ఓడ కట్టియున్నది. 1930లో ఈ నగరముననే తయారైనది. ప్రయాణీకులను అమెరికాకు చేర్చుచు, యుద్ధకాలమున వైద్యశాలగా మారి, సముద్రములోని మందుపాతరలకు మూడుమారులు తగిలియు మునుగక, యుద్ధానంతరము పరదేశములలో చిక్కిన జనులను ఇండ్లకు చేర్చినది. 1960లో దాని యాత్రలు ముగిసెను. 1961 నుండి అచ్చటనే ప్రదర్శనశాలగా నున్నది. కొంచెము దూరమున 1904లో బ్యాంకునకై కట్టిన రాతిభవనము చరిత్రవస్తువుల ప్రదర్శనశాలగా నున్నది. భూకంపమున కాలిపోయిన దాని గుమ్మటమును 1967లో మరల పూర్వపురూపముననే నిలిపిరి.

కడపట ఆ చెట్టు సంగతి. 1866 నాటి అగ్నిప్రమాదమున నొకమారు, 1923లో మరియొకమారు అది కాలినది. మొద్దు చచ్చెననుకొనిరి. కాని వేరు చావలేదు, చిగిర్చినది. తరువాత ఆ చోట 1931లో బ్రిటిషు కాన్సులు కార్యాలయమును కట్టినపుడును చెట్టును నరుకలేదు. ఆ భవనమే 1981 నుండి నగర చరిత్ర పత్రముల భాండాగారము. నడుమ ముంగిటిలో చెట్టు నేటికిని పచ్చగా నున్నది.

పెద్దలారా! రెండుమారులు సర్వస్వము కాలిన ఊరు, కాలిన యిటుకను, పాత యింజనును, చెట్టు మొద్దును, పరాయివారు కట్టించిన నీటిమండపమును భద్రపరచుకొన్నది. నిప్పు సోకని మన యూళ్లలో దిగుడుబావి పూడిపోవుచున్నది. గుడిముందరి శాసనము బట్టలుతుకు బండయగుచున్నది. చలివేంద్రము పెట్టించిన పుణ్యాత్ముని పేరు మనుమలకు తెలియదు. ఆ పేరులు తెలిసినవారు నేడు మీరే. మీ యూరి చెరువు నెవరు త్రవ్వించిరో, ఏ తుపానులో ఎవరు ఎవరికి అన్నము పెట్టిరో ఒక పుస్తకమున వ్రాయించి బడిలో ఉంచుడు. యొకొహామా తోటలోని ఆ మండపము మన తోడివారు ఒక యుపకారమును మరువలేదని చెప్పుచున్నది. మన యూరి యుపకారులనుగూర్చి చెప్పవలసిన వారము మనమే.