నడుముకు వేసే సూది కథ

మన క్యాంపుల్లో కాలు విరిగినా, హెర్నియా ఆపరేషన్ అన్నా మనవాళ్లు కత్తికి అంతగా భయపడరు. నడుముకు వేసే మత్తు సూదికే భయపడతారు. "అది వేయించుకుంటే జన్మంతా నడుంనొప్పే" అని ఒకరు, "కాళ్లు పడిపోతాయట" అని ఇంకొకరు. కంపెనీ ఆఫీసులో ఆస్పత్రి కాగితాలు చూసే గుమాస్తాగా ఈ మాటలు నాకు అలవాటే. ఈ భయం ఊరికే పుట్టలేదు. ఆ సూది చరిత్రలో మనలాంటి పనివాళ్లు రెండు చోట్ల కనిపిస్తారు.

1846లో అమెరికాలోని బోస్టన్‌లో ఈథర్ పీల్పించి ఆపరేషన్ చేసి చూపించాక నొప్పి లేని ఆపరేషన్లు మొదలయ్యాయి. కానీ దానికి మనిషి మొత్తం స్పృహ తప్పాలి. జర్మనీలోని కీల్ పట్నంలో 34 ఏళ్ల కూలీ ఒకాయనకు చీలమండకు క్షయ పట్టింది. అంతకు ముందు మత్తు ఇచ్చినప్పుడు చాలా అవస్థ పడ్డాడు. 1898 ఆగస్టు 16న సర్జన్ ఆగస్ట్ బియర్ ఆయన నడుములో సన్న సూది దించి, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి కొద్దిగా కొకైన్ ఎక్కించాడు. (అప్పట్లో అది మందే. ఇప్పుడు గల్ఫ్‌లో ఆ పేరెత్తితే జైలే.) మనిషి మెలకువగానే ఉన్నాడు, కాలికి నొప్పి తెలియలేదు. తర్వాత మాత్రం వాంతులు, తలనొప్పి.

అలా ఎందుకైందో తేల్చుకుందామని బియర్ ఎనిమిది రోజుల తర్వాత తానే పడుకున్నాడు. సూదికీ సిరంజికీ అతుకు సరిగ్గా కుదరక వెన్నులోని నీరు చాలా కారిపోయింది. అప్పుడు అసిస్టెంటు హిల్డెబ్రాంట్ పడుకున్నాడు. మత్తు ఎక్కాక బియర్ అతని ముంగాలి మీద ఇనప సుత్తితో కొట్టాడు, చుట్టతో చురక పెట్టాడు. ఏమీ తెలియలేదు! ఆ రాత్రి ఇద్దరూ వైన్ తాగి పండగ చేసుకున్నారు. బియర్‌కు తలనొప్పి తొమ్మిది రోజులు వదల్లేదు. కారణం పొరకు పడిన చిల్లు, అందులోంచి కారిన నీరు.

మరి పొరకు చిల్లు పెట్టకుండానే మత్తు ఇవ్వలేమా? అదే ఎపిడ్యూరల్. సూది పొర దాకా వెళ్లి, దానికి బయటే ఆగాలి. స్పెయిన్ సైన్యంలో సర్జన్‌గా ఉన్న ఫిదెల్ పహేస్ ఈ పద్ధతిలో నడుము దగ్గర మత్తు ఇచ్చి 43 ఆపరేషన్లు చేసిన సంగతి 1921లో అచ్చు వేశాడు. స్పానిష్‌లో ఉండటంతో బయటివాళ్లు చదవలేదు. 1923లో, 37 ఏళ్లకే, ఆయన కారు ప్రమాదంలో పోయాడు. 1931లో ఇటలీ సర్జన్ డోలియోట్టి అదే పద్ధతిని తనదిగా ప్రకటించాడు. పహేస్ సంగతి ఆయనకు తెలియదు. తెలిశాక ముందు చేసింది ఆయనేనని ఒప్పుకున్నాడు. పెద్దమనిషే!

సూది సరైన చోటికి చేరిందని డాక్టరుకు ఎలా తెలుస్తుంది? డ్రిల్లింగ్ మెషిన్ పట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. గట్టి గోడ దాటి బోలుగా ఉన్న చోటికి రాగానే చెయ్యి ఒక్కసారిగా తేలికవుతుంది. అలాగే సిరంజి నొక్కే వేలికి అడ్డు తప్పిపోతుంది. 1947లో క్యూబాలోని హవానాలో డాక్టర్ కుర్బెలో అక్కడ సన్న గొట్టం వదిలేసి, అవసరమైనప్పుడల్లా మందు ఎక్కించే పద్ధతి మొదలుపెట్టాడు. పెద్ద ఆపరేషన్ అయ్యాక రెండు మూడు రోజులు నొప్పి తెలియకుండా ఉంచేది ఆ గొట్టమే.

ఇక భయం సంగతి. అదే 1947లో, అక్టోబర్ 13న, ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్ ఆస్పత్రిలో వూలీ, రో అనే ఇద్దరు పనివాళ్లకు చిన్న ఆపరేషన్ల కోసం వెన్నులోకి మత్తు ఇచ్చారు. (ఇది ఎపిడ్యూరల్ కాదు, బియర్ పద్ధతి.) ఇద్దరికీ నడుము కింది భాగం పడిపోయింది. మందు సీసాలను ఫినాల్‌లో ఉంచేవారని, కంటికి కనబడని పగుళ్ల గుండా అది లోపలికి చేరిందని కోర్టు నమ్మింది. సూదులు ఉడకబెట్టే పాత్రను కడిగిన యాసిడ్ మిగిలి ఉంటుందని తర్వాతి కాలపు డాక్టర్లు అనుమానించారు. ఆ రోజుల్లో ఈ ప్రమాదం ఎవరికీ తెలియదు కాబట్టి ఆస్పత్రి తప్పు లేదన్నారు. 1954లో అప్పీలు కూడా పోయింది. ఇద్దరికీ పైసా నష్టపరిహారం రాలేదు. న్యాయం మాట ఎలా ఉన్నా, నాకైతే ఆ తీర్పు మింగుడు పడదు. ఆ వార్తతో ఇంగ్లండ్ డాక్టర్లే చాలా ఏళ్లు వెన్ను సూదికి జంకారు.

ఇప్పుడు సూది ఒక్కసారి వాడి పారేసేది, సీలు వేసిన ప్యాకెట్‌లో వస్తుంది. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది, నడుముకు వేసే సూది సాధారణంగా అంతకు కిందే. గుచ్చిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు. నరాలకు దెబ్బ తగలడం చాలా అరుదు, అసలు లేదని మాత్రం కాదు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, మందులు పడకపోతే, నడుముకు పుండు ఉంటే ముందే చెప్పాలి. కన్సెంట్ ఫారం అరబ్బీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. సంతకానికి ముందు తెలిసినవాళ్లతో చదివించుకోండి. తర్వాత కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తే నర్సుకు వెంటనే చెప్పండి. బియర్‌ను తొమ్మిది రోజులు వేధించిన ఆ తలనొప్పికి 1960 నుంచి విరుగుడు ఉంది: రోగి చేతి నుంచే కొద్దిగా రక్తం తీసి, నడుములో పొర బయట ఎక్కిస్తారు. అది గడ్డకట్టి చిల్లును మూస్తుంది.