లా ప్రొఫెసర్ అంబేడ్కర్: చదువు హక్కు కోసం ఏం చేశారు?

అంబేడ్కర్ పేరు వినగానే రాజ్యాంగం గుర్తొస్తుంది. ఆయన ఏళ్ల తరబడి లా పాఠాలు చెప్పిన టీచర్ అన్న సంగతి తక్కువగా చెప్పుకుంటాం. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్ర ప్రొఫెసర్‌గా చేరారు. లండన్‌లో బారిస్టర్ అయి వచ్చాక 1925 నుంచి ఒక అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో వాణిజ్య చట్టం బోధించారు. 1928లో బొంబాయి ప్రభుత్వ లా కాలేజీలో ప్రొఫెసర్, 1935లో అదే కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. చట్టం ఎంత తెలిసినా, చట్టం ఒక్కటే దళిత విద్యార్థిని కాలేజీ దాకా చేర్చదని ఆయనకు తెలుసు. బడ్జెట్, స్కాలర్‌షిప్, హాస్టల్, సొంత కాలేజీ, ఇవన్నీ ఆయన దృష్టిలో చదువు హక్కులో భాగాలే.

బడ్జెట్ లెక్క

1927 మార్చిలో బొంబాయి శాసనమండలిలో ఆయన ప్రభుత్వాన్ని లెక్కలతో నిలదీశారు. తలకు 14 అణాలు చదువు మీద ఖర్చు పెడుతూ, ఎక్సైజ్ పేరుతో తలకు రెండు రూపాయలకు పైగా ఎందుకు వసూలు చేస్తున్నారని అడిగారు. ఆర్ట్స్ కాలేజీల ఖర్చులో 36 శాతం ఫీజుల నుంచే వస్తోందని చూపి, ఇది చదువును వ్యాపారం చేయడమేనన్నారు. ఇప్పుడే బడికి వస్తున్న కులాలకు చదువు వీలైనంత చౌకగా అందాలన్నది ఆయన డిమాండ్.

స్కాలర్‌షిప్ పుట్టుక

1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్ అయిన కొన్ని నెలలకే దళితుల సమస్యలపై మెమొరాండం ఇచ్చారు. పై చదువులకు, ముఖ్యంగా సైన్స్, టెక్నాలజీ కోర్సులకు, విదేశీ చదువుకు నిధి కోరారు. ప్రభుత్వం ఏటా 3 లక్షల రూపాయలు కేటాయించింది. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. ఇవాళ ప్రతి ఎస్సీ హాస్టల్‌లో వినిపించే ఆ మాటకు మూలం ఇక్కడుంది.

రాజ్యాంగంలో దక్కింది, జారింది

ముసాయిదా 36వ అధికరణం ఉచిత ప్రాథమిక విద్య ప్రతి పౌరుడికీ హక్కు అన్న అర్థంలో ఉండేది. 1948 నవంబర్ 23న రాజ్యాంగ సభ ఆ మాట తీసేసి, రాజ్యం ప్రయత్నించాలి అని మార్చింది. ఆ సవరణను అంబేడ్కర్ కూడా ఒప్పుకున్నారు. కానీ చదువును ప్రాథమిక స్థాయికే కుదించాలన్న సవరణను ఒప్పుకోలేదు. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఫ్యాక్టరీల్లో పనికి పెట్టకూడదని మరో అధికరణం చెబుతోంది. పనికి పోని పిల్లలు ఆ వయసు వరకూ బడిలోనే ఉండాలి కదా అని వాదించారు. అలా 45వ అధికరణంలో 14 ఏళ్లు నిలిచింది.

1951 ఏప్రిల్‌లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు మద్రాస్ రాష్ట్ర కమ్యూనల్ జీవోను కొట్టేసింది. కోస్తాంధ్ర, రాయలసీమ అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. న్యాయ మంత్రిగా అంబేడ్కర్ పార్లమెంటులో ఆ తీర్పును విమర్శించి మొదటి రాజ్యాంగ సవరణను సమర్థించారు. ఇవాళ కాలేజీ సీట్లలో రిజర్వేషన్‌కు ఆధారమైన 15(4) అలా వచ్చింది.

జారిపోయిన హక్కు తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో 14 ఏళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో 86వ సవరణ 21ఎ తెచ్చింది. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అయితే ఈ హక్కు 6 నుంచి 14 ఏళ్ల వారికే. ఆరేళ్లలోపు పిల్లలు బయటే ఉండిపోయారు.

సొంత కాలేజీలు

1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచారు. పగలు ఉద్యోగం చేసుకునే విద్యార్థుల కోసం అక్కడ పొద్దున్నే క్లాసులు నడిపారు. 1950లో ఔరంగాబాద్‌లో మరో కాలేజీ మొదలైంది. అదే తర్వాత మిళింద్ మహావిద్యాలయ అయింది. ఔరంగాబాద్ అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోది. 1953 జనవరి 12న ఉస్మానియా యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

కాచిగూడ చుట్టూ

హైదరాబాద్‌లో ఈ పోరాటం అంబేడ్కర్ కంటే ముందే మొదలైంది. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ, 1910లో కాచిగూడకు దగ్గర్లోని ఇసామియా బజార్‌లో దళిత పిల్లలకు బడి తెరిచారు. రాజభాష ఉర్దూగా ఉన్న రోజుల్లో అక్కడ తెలుగులో చదువు చెప్పారు. 1933 నాటికి అలాంటి బడులు 26, పిల్లలు దాదాపు 2,500 మంది. తర్వాత నిజాం ప్రభుత్వంలో మంత్రి అయిన బి.ఎస్. వెంకట్రావు దళితుల చదువు కోసం కోటి రూపాయల నిధి సాధించారు. 1973లో జి. వెంకటస్వామి మొదలుపెట్టిన అంబేడ్కర్ విద్యాసంస్థలు ఈ పక్కనే బాగ్‌లింగంపల్లిలో ఉన్నాయి. వాటిలో లా కాలేజీ కూడా ఉంది.

ఇప్పుడు

చిక్కడపల్లి లైబ్రరీలో, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో జిల్లాల నుంచి వచ్చిన దళిత విద్యార్థులు చదువుకుంటున్నారు. స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ సకాలంలో రాకపోతే గది అద్దె, మెస్ బిల్లు, సర్టిఫికెట్లు అన్నీ ఇరుకున పడతాయి. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల, తనకు ఏడు నెలల ఫెలోషిప్, 1 లక్షా 75 వేల రూపాయలు, రావాల్సి ఉందని చివరి లేఖలో రాశాడు.

సీటు హక్కు అయినప్పుడు ఆ సీటులో కూర్చోబెట్టే స్కాలర్‌షిప్ దయాదాక్షిణ్యం కాలేదు. 1927లో అంబేడ్కర్ చేసినట్టే, బకాయిలెంత, రాబడెంత, చదువు మీద ఖర్చెంత అని ప్రతి బడ్జెట్‌లో లెక్క అడగడం విద్యార్థి ఉద్యమాల పని. ఆ లా ప్రొఫెసర్ నేర్పిన పద్ధతి అదే.