సీమ విద్యార్థి, దూరపు లైబ్రరీ

గోస్పాడు మండలంలో డిగ్రీ చదివే పిల్లలు పొద్దున్నే నంద్యాల బస్సో ఆటోనో ఎక్కుతారు. కొందరు కోవెలకుంట్ల వైపు పోతారు, ఇంకొందరు ఆళ్లగడ్డ వైపు. చదివేది ఎక్కడైనా చాలామందికి పట్టా ఇచ్చేది రాయలసీమ విశ్వవిద్యాలయమే. అది నంద్యాలకు డెబ్భై కిలోమీటర్ల పైచిలుకు దూరాన కర్నూలులో ఉంది. ఆ ఆవరణలో అడుగు పెట్టకుండానే డిగ్రీ ముగించేవాళ్ళే ఎక్కువ. వాళ్ళ దృష్టిలో యూనివర్సిటీ అంటే హాల్ టికెట్టు, రిజల్టు, మార్కుల లిస్టు. అక్కడొక లైబ్రరీ ఉందని, దానిమీద తమకూ ఏదో హక్కు ఉండాలని ఎవరికీ తట్టదు. తట్టకపోవడం వాళ్ళ తప్పు కాదు, సీమలో ఈ కథ మొదటినుంచీ ఇలాగే నడిచింది.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దాని పని పరీక్షలు పెట్టి పట్టాలివ్వడం. పాఠాలు చెప్పడం కాలేజీల వంతు. దాని లైబ్రరీకి నిజంగా ప్రాణం వచ్చింది 1924లో, గణితం చెప్పుకుంటున్న ఎస్.ఆర్. రంగనాథన్ లైబ్రేరియన్‌గా చేరాక. ఆయన లండన్ వెళ్ళి ఆ విద్య నేర్చుకుని వచ్చాడు. బీరువాలు తెరిపించాడు. పాఠకుడి పక్కన నిలబడి కావలసింది వెతికిపెట్టడం కూడా లైబ్రరీ ఉద్యోగమేనని స్థిరపరిచాడు. 1931లో అచ్చయిన ఆయన పంచసూత్రాలను ఇవాళ ప్రపంచమంతటా లైబ్రరీ సైన్సు విద్యార్థులు చదువుతున్నారు. అయితే ఆ సేవ అందేది చెన్నపట్నంలో కాపురమున్నవాళ్ళకు. నంద్యాల కుర్రాడు గుంతకల్లు మీదుగా రైలెక్కి అంతదూరం పోయేది పరీక్షకో ఉద్యోగానికో తప్ప పుస్తకం కోసం కాదు.

దత్తమండలాలకు, అంటే ఇప్పటి సీమకు, దక్కింది 1916లో అనంతపురంలో వెలసిన ప్రభుత్వ కళాశాల. దాన్ని సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ అనేవారు. అక్కడ తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావే 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభల్లో ఈ ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు సూచించాడు. అంతకు రెండేళ్ళ ముందే, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని కేంద్రం ఎక్కడ ఉండాలన్న తగవు బెజవాడ, రాజమండ్రి, వాల్తేరు, అనంతపురం అంటూ చాలాకాలం సాగి చివరికి వాల్తేరు దగ్గర తేలింది. సీమ కాలేజీలు కొద్దికాలంలోనే మళ్ళీ మద్రాసు గూటికి చేరుకున్నాయి. కోస్తా, సీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒప్పందంలో మొదటి షరతుల్లోనే వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం పెంచాలని రాసుకున్నారంటే ఆ కడుపుమంట ఎంతటిదో ఊహించుకోవచ్చు. నీళ్ళ గురించి, రాజధాని గురించి ఆ ఒప్పందాన్ని ఇప్పటికీ తలుచుకుంటాం. అందులోని చదువు ముచ్చట మాత్రం ఎవరూ ఎత్తరు.

ఇంత వెలితిలో చదువుకున్న కుర్రాళ్ళకు పుస్తకం ఎక్కడ దొరికిందని అడిగితే, విశ్వవిద్యాలయాల చరిత్రలో జవాబు దొరకదు. గ్రంథాలయోద్యమంలో దొరుకుతుంది. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో తొలి గ్రంథాలయ మహాసభ జరిగింది. అక్కడినుంచి ఊరూరా చందాలతో, విరాళాల పుస్తకాలతో పఠనాలయాలు లేచాయి. కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఇవి దట్టంగా వచ్చాయి, సీమలో పలచగా. కానీ ఆ ఉద్యమాన్ని ఏళ్ళ తరబడి అధ్యక్షుడిగా నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు కర్నూలు మనిషి. 1908లో పత్రికలో రాసిన రాతకు రాజద్రోహం కింద జైలుకు పోయాడు. 1927లో నంద్యాల నుంచే మద్రాసు శాసనమండలికి ఎన్నికయ్యాడు. ఎం.ఏ. చదివిన ఆ మనిషి కాలేజీ విద్యార్థి గురించి పెట్టుకున్న బెంగ కంటే బడి మానేసిన కూలీ గురించి పెట్టుకున్న బెంగే ఎక్కువ. వయోజన విద్య, గ్రంథాలయం ఆయనకు ఒకే పని. ఆయన నంద్యాల సంబంధాన్ని నంద్యాలలోనే ఇంకాస్త గట్టిగా గుర్తు పెట్టుకోవచ్చని నాకు అనిపిస్తుంది.

ఆ ఉద్యమం పండి 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. తర్వాత 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల సెస్సు మీద జిల్లా గ్రంథాలయ సంస్థలు నడుస్తున్నాయి. పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసిన ఆ సెస్సును సకాలంలో జమచేయకపోవడం ఈ శాఖలో ఏనాటినుంచో వినబడే ఫిర్యాదు. అయినా డిగ్రీ పిల్లలకు తరతరాలుగా దొరికిన మొదటి చదువుగది శాఖా గ్రంథాలయమే. ఇప్పుడు వాటిలో డీఎస్సీ, గ్రూప్స్ అభ్యర్థులు పొద్దున్నుంచీ చోటు పట్టుకుని కూర్చుంటారు. ఎక్కువమంది తమ పుస్తకాలు తామే తెచ్చుకుని కుర్చీ, ఫ్యాను, నిశ్శబ్దం మాత్రం లైబ్రరీవి వాడుకుంటారు. దాన్ని చూసి లైబ్రరీ చచ్చిపోయిందనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఇరుకు ఇళ్ళున్న ఊళ్ళో చదువుకోవడానికి చోటు దొరకడమూ సేవే.

స్వాతంత్ర్యం వచ్చాక విశ్వవిద్యాలయాలు ఒక్కొక్కటే సీమకు చేరాయి. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. దాని కింద 1968లో అనంతపురంలో పెట్టిన పీజీ సెంటర్ 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. దాని పీజీ కేంద్రంగా కర్నూలులో మొదలైనది 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయమైంది. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006 నాటిది. ఈ వరసలో నన్ను ఆకట్టుకునే సంగతి ఒకటుంది: ఇక్కడ రెండుచోట్ల పుస్తకాలే ముందొచ్చాయి, యూనివర్సిటీ తర్వాత వచ్చింది. తిరుపతి ప్రాచ్య పరిశోధనాలయాన్ని దేవస్థానం 1939లోనే నెలకొల్పింది, విశ్వవిద్యాలయం దాన్ని 1956లో అందుకుంది. కడపలో తెలుగు నిఘంటువు కూర్చిన ఆంగ్ల అధికారి సి.పి. బ్రౌన్ నివసించిన స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఇల్లిల్లూ తిరిగి విరాళాలు పోగుచేసి గ్రంథాలయం లేపాడు. అది 2006లో కొత్త విశ్వవిద్యాలయం చేతికి వెళ్ళింది. ఒకటి దేవుడి సొమ్ము, ఇంకొకటి జనం సొమ్ము.

విశ్వవిద్యాలయం దగ్గరికి వచ్చినా పుస్తకం భాష దగ్గరికి రాలేదు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. పి.వి. నరసింహారావు దాని తొలి అధ్యక్షుడు. ఇంటర్, డిగ్రీ తెలుగు మాధ్యమానికి అకాడమీ పుస్తకాలే దిక్కయ్యాయి. గోస్పాడు, శిరివెళ్ల, దొర్నిపాడు పల్లెల్లో ఇంటికి మొదటి పట్టభద్రులైనవాళ్ళను అడగండి, ఆర్థికశాస్త్రమో చరిత్రో ఆ పుస్తకాల్లోనే చదివామంటారు. పారిభాషిక పదాలు గట్టిగా ఉన్నాయని విసుక్కున్నా, సబ్జెక్టు తెలుగులో ఆలోచించవచ్చని చూపింది అవే. చిక్కు పీజీలో వచ్చేది. క్యాంపస్ లైబ్రరీలో బీరువాల నిండా ఇంగ్లీషు. పక్కన కూర్చుని దారి చూపే మనిషి లేడు. అప్పుడు ఆదుకున్నవి సీనియర్ల నోట్సు, జిరాక్సు కొట్టు, గైడు పుస్తకం. వీటిని అధ్యాపకులు చిన్నచూపు చూశారు గానీ, యూనివర్సిటీ చేయాల్సిన సాయం చేయనిచోట పుట్టినవే ఇవి. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మాధ్యమం చేశాక ఆ చిక్కు మూడేళ్ళు ముందుకు జరిగింది, అంతే.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు బుక్ బ్యాంకు పథకం 1970ల చివర మొదలైంది. ఇంజనీరింగు, వైద్యం పుస్తకాలు కొనలేని పిల్లలకు ఒక సెట్టును ఇద్దరు ముగ్గురు పంచుకుని చదివే వీలు కలిగింది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో వెలిసి, డిగ్రీ కాలేజీలనే స్టడీ సెంటర్లుగా మార్చుకుని, ఉద్యోగం చేసుకునేవాళ్ళ ఇంటికి పాఠం పంపింది. తర్వాత ఉద్యోగ నైపుణ్యాలు నేర్పే జవహర్ నాలెడ్జ్ సెంటర్లు, ఇంగ్లీషు ల్యాబులు వచ్చాయి. ఇవి ఎంతవరకు పనికొచ్చాయన్నది ఆయా కాలేజీల్లో వాటిని భుజాన వేసుకున్న అధ్యాపకుడి మీద ఆధారపడింది.

యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే కేంద్ర సంస్థ, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్, 2010 ప్రాంతంలో ఎన్-లిస్ట్ పేరుతో డిగ్రీ కాలేజీలకూ ఈ-పుస్తకాలు, పరిశోధన పత్రికలు తెరిచింది. కాలేజీ చేరితే విద్యార్థికి ఒక యూజర్ ఐడీ వస్తుంది, ఇంటినుంచే చదువుకోవచ్చు. అదే సంస్థ నడిపే శోధగంగ వెబ్‌సైటులో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు పెట్టారు. ఒకప్పుడు టైపు చేయించిన నాలుగైదు ప్రతులుగా తిరుపతిలోనో అనంతపురంలోనో బీరువాల్లో ఉండిపోయినవి ఇప్పుడు ఫోనులో తెరుచుకుంటున్నాయి. మన మండలం మీద, కుందూ నది మీద, కర్నూలు-కడప (కేసీ) కాలువ ఆయకట్టు మీద ఎవరేం పరిశోధించారో చూడాలనుకునేవాళ్ళు ముందు అక్కడ వెతకాలి.

2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం మూడేళ్ళకు ఆరువేల కోట్ల రూపాయలతో ముప్పై ప్రచురణ సంస్థల పత్రికలు సుమారు పదమూడు వేలు తెరిచింది. మొదటి దశలో ప్రభుత్వ విద్యాసంస్థలకే. నంద్యాలలో మన పిల్లలు చేరే ప్రైవేటు కాలేజీలకు ఇందులో వాటా లేదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరిన అమ్మాయికి వాటా ఉంది. దాన్ని వాడుకోవాలంటే ఐడీ ఎవరిస్తారు, ఆ పత్రికల్లో తనకు కావలసిన వ్యాసం ఎలా వెతకాలి అని ఆమె ఎవరినో ఒకరిని అడగాలి. లైబ్రేరియన్ పోస్టు ఖాళీగా ఉన్నచోట ఆ బాధ్యత ఎవరో ఒక లెక్చరర్‌కు అదనంగా అంటగడతారు, కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ తనిఖీ జరిగే వారం తప్ప లైబ్రరీ తాళం ఆయన దగ్గరే ఉంటుంది.